పదక్రీడా నిఘంటువులు

ఆంగ్లభాషలో అరుదుగా వినవచ్చు మాటలను ఏర్చి కూర్చి, ఒక్కొక్కదానికి అరపంక్తి అర్థము తగిలించి, పదక్రీడ లాడువారి నిమిత్తము ప్రకటించెడి గ్రంథములు నేడు పెక్కు గలవు. అర్థమన్న ప్రసక్తియే లేక వర్ణక్రమమును మాత్రము చూపెడి పట్టికలును గలవు. ఇవి యొకప్పుడు మహానగరములలో కొందఱి విలాసవస్తువులు. నేడు ఏలూరులోను, తాడేపల్లిగూడెములోను, కైకలూరు వంటి కొల్లేటి దరి ఊళ్లలోను, బడికి పోవు పిల్లలుగల యిండ్లలో అవి చేతి ఫోనులోనే యున్నవి. "మా వానికి ఇంగ్లీషు బాగుగా వచ్చును" అని చెప్పుకొనుటకు మాఱుగా "మా వానికి ఇన్ని వేల మాటలు వచ్చును" అని చెప్పుకొను తల్లిదండ్రులను మేము చూచుచున్నాము. ఈ రెండును ఒకటియే యగునా? కానిచో ఈ గ్రంథముల వలన మన గృహములకు గలిగెడి లాభ మెంత, నష్ట మెంత? ఈ విషయమును కొంత విచారింపబూనితిమి.

ముందుగా ఆట సంగతి. స్క్రాబుల్ అను నీ క్రీడను ఆల్ఫ్రెడ్ బట్స్ అను న్యూయార్కు నగరపు వాస్తుశిల్పి 1930 తరువాతి దశకమున, ఆర్థికసంక్షోభమున చేతిలో పనిలేని దినములలో కల్పించెను. వార్తాపత్రికల పుటలలో ఏ యక్షరము ఎన్నిసారులు వచ్చుచున్నదో లెక్కించి, తఱచుగా వచ్చువానికి తక్కువ విలువయు, అరుదుగా వచ్చువానికి ఎక్కువ విలువయు నిర్ణయించెను. 1948లో జేమ్స్ బ్రూనో దానికి ఇప్పటి పేరు పెట్టి అంగడి కెక్కించెను. నిలువున పదునైదు, అడ్డమున పదునైదు గళ్లు గల పలక, నూఱు బిళ్లలు. అచ్చుల కొక్కొక్కటి, వై యను నక్షరమునకు 4, జె యనుదానికి 8, క్యూ, జెడ్ అనువానికి పదేసి గుణములు. చేతనున్న ఏడు బిళ్లలను ఒక్కమాఱుగా పలకపై దింపినవానికి మఱి 50 గుణములు కానుక. మాట పట్టికలో నున్నచో చెల్లును, లేనిచో చెల్లదు. మన దేశమున పోటీలకు ప్రమాణమైన కాలిన్స్ పట్టికలో ఇట్టి మాటలు సుమారు 2,80,000 గలవు. మాట వేసినవానిని దాని అర్థమేమని యడుగు అధికారము ఎదుటివానికి లేదు. ఆటలో లోపమని మేమెంచునది ఈ యొక్క నిబంధననే. తక్కిన విషయములలో ఇది పేకాటకంటె వేయి మడుగులు మేలని మేమును ఒప్పుకొందుము.

ఈ నిబంధన ఎంతదూరము పోగలదో లోకమునకు తెలిసినది 2015లో. న్యూజీలాండు దేశీయుడగు నైజెల్ రిచర్డ్స్ ఫ్రెంచి మాటల పట్టికను తొమ్మిది వారములలో కంఠస్థము చేసి, బెల్జియమునకు పోయి, ఫ్రెంచివారి జగదేక పోటీలో ప్రథముడయ్యెను. ఫ్రెంచిలో సంభాషింపగల శక్తి ఆయనకు లేదు. 2024లో స్పెయిను దేశమందలి గ్రెనడాలో స్పానిషు పోటీని సైత మట్లే గెలిచెను. ఆయన ధారణాశక్తి యద్భుతము. దానికి మేమును జోహారు చేయుదుము. కాని ఆ భాషలో దాహమునకు నీళ్లడుగుట యెఱుగనివాడు ఆ భాషాక్రీడలో అగ్రగణ్యుడగుట ఆ క్రీడ దేనిని కొలుచుచున్నదో స్పష్టముగా చూపుచున్నది. అర్థ మెఱుగక వేదమును వల్లించువాడు బరువు మోయు మ్రోడు వంటివాడని యాస్కుడు నిరుక్తమున తెగడెను. మన బడులలో వల్లెవేత చదువును తుదముట్టింపవలెనని నూఱేండ్లకు పైగా పోరాడిన మనము, అదే వల్లెవేతను ఆట పేరిట ఇంటిలోనికి తెచ్చుకొనుచున్నామా యని మా శంక.

పలకపై మాట వట్టి బిళ్లల వరుసయే, దాని అర్థముతో మాకు పనిలేదు అని గట్టి ఆటగాండ్రు వాదింతురు. ఆ వాదము 2021లో పరీక్షకు నిలిచినది. జాతులను, స్త్రీలను, బలహీనులను కించపఱచెడి సుమారు 400 మాటలను ఆట యజమానులగు మాటెల్ సంస్థవారు ఆ సంవత్సరమున పట్టికనుండి తొలగింపజేసిరి. కొందఱు ఆటగాండ్రు కోపించిరి. అర్థములేని బిళ్లల వరుసకు అవమానించు శక్తి యెక్కడిది యని వారి ప్రశ్న. మాకు మాత్రము సమాధానము తేటగానే యున్నది. వట్టి బిళ్లలే యైనచో తీసివేసినందులకు అంత కోపమేల? ఆ పక్షమువారికిని, ఈ పక్షమువారికిని మాట వెనుక మనుష్యుడున్నాడని లోపల తెలిసియే యున్నది.

దీనికి మన దేశపు టుదాహరణ మొకటి. క్యూ అను బిళ్ల చేతబడినవానికి, దాని ప్రక్కన యు లేనిచో దిగులు పుట్టును. అందుచేత యు లేక క్యూ వచ్చెడి మాటలను ఆటగాండ్రు ప్రత్యేకముగ నేర్తురు. అట్టివానిలో నొకటి తలాక్. పలకపై దాని వెల 14 గుణములు. భారము దిగినదని ఆటగాడు నిట్టూర్చును. ఇదే మాట మూడుమాఱులు వినుటతో ఇల్లు వెడలవలసివచ్చిన స్త్రీలు మన దేశమున నెందఱో యుండిరి. అట్టి తక్షణ విడాకులు చెల్లవని 2017లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2019లో అది శిక్షార్హమని చట్టము వచ్చెను. ఈ సంగతి యెఱుగని బాలుడు ఆ యైదక్షరములను నేర్చిన నేమి, నేర్వకున్న నేమి?

ఇక మన సీమ మాటలకు వత్తము. ఈ పట్టికలలో మన పొలములనుండి, కాలువ గట్లనుండి పోయిన మాటలు పెక్కు గలవు. వానికి వేసిన అర్థములను చూచినచో ఈ గ్రంథముల గుణదోషములు రెండును తేలిపోవును.

అన్నింటిలోను మాకు ముచ్చటయైనది బాండికూట్. ఇది అచ్చముగా మన పందికొక్కు. యూల్, బర్నెల్ అను పండితులు 1886లో ప్రకటించిన హాబ్సన్-జాబ్సన్ అను ఆంగ్లో-ఇండియను నిఘంటువు దీనిని తెలుగు మాటగానే చెప్పినది. కొల్లేటి చేల గట్లలో బొరియలు త్రవ్వి, వరి వెన్నులను లోపల దాచుకొని, రైతు కంట నీరు పెట్టించు జంతువు. 1799లో జార్జి బాస్ అను నావికుడు ఆస్ట్రేలియాలో ముక్కు పొడుగైన యొక సంచిజంతువును చూచి దానికి ఈ పేరే పెట్టెను. అది ఎలుక జాతియే కాదు. ఐనను పేరు నిలిచినది. మఱి కొంతకాలమునకు ఆ దేశీయులు దానిని క్రియగా గూడ మార్చి, పైని ఆకు కదలకుండ భూమిలోని బంగాళాదుంపలను దొంగిలించుటకు ఆ మాటను వాడసాగిరి. ఎంత చక్కని ప్రయోగము! మన రైతు వినినచో తలయూచును. తొమ్మిదక్షరముల ఈ మాటకు "ఆస్ట్రేలియా జంతువు" అని మాత్రము చెప్పి విడుచు పుస్తకము, పెండ్లికూతుని పుట్టినింటి పేరు చెప్పని శుభలేఖ వంటిది.

గోల్కొండ సంగతి వేఱు. ఊళ్ల పేర్లు ఈ ఆటలో చెల్లవు, గోల్కొండ చెల్లును. ఏలయనగా ఆంగ్లమున నది ఊరి పేరు గాక, తఱుగని సంపదకు నిలయము అను సామాన్యార్థము నొందినది. వజ్రములు ఆ కోటలో పుట్టలేదు. కృష్ణ యొడ్డున కొల్లూరు మొదలగు గనులలో పుట్టినవి. (మన కొల్లేటికిని ఆ కొల్లూరికిని సంబంధము లేదు.) గనిలో దిగి పనిచేసినవాని ఊరు మఱుగుపడి, సరకు అమ్మినచోటు మాత్రము మాటగా నిలిచినది. రయతు, తాలూకా, బత్తా, జమీందారు మొదలగునవి తిన్నగానే యున్నవి. వాని గుఱించి తగవు లేదు. కిస్తు మాత్రము తమాషా యైనది. ఇంగ్లీషు అక్షరములలో దానిని వ్రాసినచో నాలుగు బిళ్లలగును. అదే నాలుగు బిళ్లలకు స్కాట్లండు మాండలికమున పెట్టె యని అర్థము, శవపేటిక యనియు నర్థము. పంట చేతికి రాకుండ కిస్తు గడువు వచ్చిన రైతునకు ఈ రెండర్థములును సరిపోవును కాబోలు.

జాగరీ యను మాటకు ఆటలో గొప్ప గౌరవము. ఏడక్షరములు, జె తో మొదలు, వై తో తుద. 19 గుణములకు తోడు 50 కానుక, వెరసి 69. దీని అర్థమును చూడబోయినచో అమెరికా నిఘంటువులు తాటిజాతి చెట్ల నీటితో చేసిన, శుద్ధిచేయని ముదురురంగు చక్కెర యని చెప్పుచున్నవి. తాడేపల్లిగూడెపు అంగడిలో బెల్లపు దిమ్మ కొను గృహిణికి ఈ వాక్యము చదివి వినిపించినచో, "అది తాటిబెల్లము కదమ్మా" యని నవ్వును. మన బెల్లము చెఱకుది. మాట మలయాళమునుండి పోర్చుగీసువారి నోట బడి ఇంగ్లీషున జేరినది. మూలము సంస్కృత శర్కర. పడమటి తీరమున విన్న మాటతో అక్కడి తాటిబెల్లపు టర్థమే పోయినది. కృష్ణా గోదావరుల నడిమి చెఱకు తోటల సంగతి ఆ వాక్యమున కెక్కలేదు. తప్పు చిన్నది. కాని నాలుక యెఱిగిన వస్తువు విషయముననే ఇట్లున్నచో, ఎఱుగని వస్తువుల విషయమున ఈ అరపంక్తుల నెట్లు నమ్ముదుము?

ఆనకట్ట యను మాటకు ఆంగ్లమున అనికట్ అని రూపము. తమిళపు అణైకట్టునుండి వచ్చినది. "భారతదేశమున నొక యడ్డుకట్ట" అని పట్టికల అర్థము. అర్థము తప్పు కాదు. కాని ఎంత బీద! 1832-33 నాటి నందన కఱవులో ఈ డెల్టా ప్రాంతములు ఎండి, జనము తండోపతండములుగా చచ్చిరి. ఆర్థరు కాటను ధవళేశ్వరమున 1847లో మొదలిడి 1852లో ముగించిన ఆనకట్టయు, 1855 నాటికి ముగిసిన బెజవాడ ఆనకట్టయు ఈ సీమ ముఖమునే మార్చినవి. విజ్జేశ్వరము నుండి వచ్చెడి గోదావరి కాలువ తాడేపల్లిగూడెము మీదుగా ఏలూరు చేరును. బెజవాడ నుండి వచ్చెడి కృష్ణకాలువయు ఏలూరే చేరును. రెండు నదుల నీరు ఒక యూర కలిసినది ఆ మాట పుణ్యముననే. ఏలూరి బాలుడు తన యింటి ముందరి కాలువను చూచుచు, ఈ ఆఱక్షరములకు 8 గుణములని మాత్రము నేర్చుట మా మనస్సునకు కష్టముగా నున్నది.

లంక యను మాటను చూడుడు. మనకది యేటి నడుమ తేలిన నేల. గోదావరిలో లంకలున్నవి, కొల్లేటిలో లంక గ్రామములున్నవి. వఱద వచ్చినపుడు పడవ తప్ప వేఱు దారి లేని బ్రదుకులు వారివి. గోదావరి లంకలలో పండు పొగాకుతో చుట్టిన ఘాటైన చుట్టకు తెల్లవారు లంకా యని పేరిడిరి. కోనన్ డాయిల్ 1890లో వ్రాసిన 'నలుగురి గుఱుతు' అను నవలలో షెర్లాక్ హోమ్సు బూడిదను చూచి చుట్ట రకమును పోల్చు విద్యను గుఱించి చెప్పుచు ఈ లంకచుట్టను పేర్కొనును. ఆంగ్లమున లంక నేల మునిగిపోయినది, పొగ మాత్రము మిగిలినది.

ఇంతవఱకు దోషములే చెప్పితిమి. ఈ గ్రంథముల పక్షమున చెప్పదగిన బలమైన మాట యొకటి గలదు. దానిని దాచుట న్యాయము కాదు. చే యను మాట ఆటగాండ్ర కందఱకు తెలియును. నాలుగు బిళ్లలలో 12 గుణములు తెచ్చును. చాయా, షాయా యని దానికి రూపాంతరములు. ఎఱ్ఱరంగు నిచ్చెడి యొక హిందూదేశపు మొక్క వేరు అని అర్థము. ఇది తమిళపు చాయవేరు, మన చిరివేరు. బందరు కలంకారీకి ప్రాణము. కరక్కాయ రసములోను పాలలోను నానవేసిన గుడ్డపై పటికతో గీసి, చిరివేరు వేసిన నీటిలో ఉడికించినచో పటిక తాకినచోట మాత్రమే ఎఱుపు పట్టును. ఎన్ని ఉదుకులకును పోదు. 1611లో ఆంగ్లేయులు బందరున కొట్లు తెఱచినది ఇట్టి గుడ్డల కొఱకే. నిజాంపట్నము పరిసరముల ఇసుక నేలలో త్రవ్విన వేరు మేలైనదని వర్తకులు వెదకికొనిరి. ఆ వేరు త్రవ్వుటయే వృత్తిగా బ్రదికినవారును గలరు. 1869 ప్రాంతమున జర్మను రసాయనజ్ఞులు అలిజరిను అను ఎఱ్ఱరంగును కృత్రిమముగా చేయగలిగిరి. చౌక రంగు ఓడలలో వచ్చినది. వేరు త్రవ్వువాని గునపము మూల పడినది.

నేడు పెడనలో కలంకారీ యున్నది. కాని మా జిల్లాలలో చదువుకొన్న యువజనులను చిరివేరు అనగా నేమని యడిగి చూడుడు. పదుగురిలో నొక్కడైన చెప్పినచో గొప్ప. లండనులోను సింగపూరులోను పలక ముందు కూర్చున్నవాడు మాత్రము చే యను మాటను ఎఱుగును. మనము పోగొట్టుకొన్న మాటను, దాని వస్తువు నెన్నడు చూడని పరదేశి పదిలపఱచినాడు. ఇది పట్టికల వలని మేలే. ఐనను వాడు పదిలపఱచినది పెట్టె; లోని వస్తువు పెడన పనివాని చేతిలో నున్నది. ఆ రెండింటిని కలుపగలవారము మనము. ఆ పని మనము చేయలేదు.

మాటల ఆట మనకు క్రొత్తది కాదు. అష్టావధానమున దత్తపది యను నంశము గలదు. పృచ్ఛకుడు నాలుగు మాటలిచ్చును. అవి తెలుగే కానక్కరలేదు. ఇంగ్లీషు మాటల నిచ్చి అవధానిని ఇక్కట్టున పెట్టుట నేటి సభలలో పరిపాటి. వానిని కోరిన వృత్తమున, కోరిన విషయమునకు పొసగునట్లు ఇమిడ్చినగాని అవధాని గట్టెక్కడు. రమ్ము అను సీమసారాయి పేరిచ్చినచో, అది అవధాని నోట "రమ్ము" అను పిలుపై శ్రీరాముని రాకకు సాధనమగును. సభ యంతయు నవ్వును, పృచ్ఛకుడును నవ్వును. ఇదియు వట్టి యక్షరములతోడి చమత్కారమే; కాని అర్థము కుదురనిచో ఒక్క గుణమును రాదు. ఈ విద్యను దేశమంతట త్రిప్పిన జంటకవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు భీమవరము దగ్గఱి యండగండిలో 1872లో పుట్టినవారు. అనగా అర్థమే గెలుపుగా గల పదక్రీడ ఈ కాలువ గట్లపైననే పెరిగినది.

అమెరికాలోని మన పిల్లల సంగతి ఒక్క మాట. అక్కడి వర్ణక్రమపు పోటీలలో తెలుగువారి బిడ్డలు పలుమాఱులు ముందు నిలుచుచున్నారు. 2024లో గెలిచిన బాలుడు నల్లగొండనుండి పోయిన కుటుంబమువాడు. అదియు కంఠస్థవిద్యయే యని కొందఱు తేలికగా మాటలాడుదురు. మేమట్లనము. ఆ వేదికపై పిల్లవాడు మాట వినగానే, అర్థమేమి, ఏ భాషనుండి వచ్చినది యని యడుగును. అడుగు హక్కు వానికి గలదు. ఆ రెండు ప్రశ్నలే మాటకు ప్రాణము.

చేయదగిన పని పెద్దదియు కాదు. బ్రౌనుదొర 1852లో జిల్లా కచేరీలలో వాడుకయగు దేశీయ పదములకు ప్రత్యేకముగా ఒక నిఘంటువు కూర్చెను. అదే సంవత్సరమున ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువడెను. ఆయన బందరులోను రాజమహేంద్రవరములోను కొలువు చేసి, మన పండితులను దగ్గఱ కూర్చుండబెట్టుకొని ఆ పని నడపెను. నేడు ఏలూరులో కళాశాలలు గలవు. తాడేపల్లిగూడెమున ఉన్నత విద్యాలయములు గలవు. ఆట పట్టికలలో చేరిన మన మాటలను ఏరి, ఒక్కొక్కదానికి మన ఊరు, మన వాడుక, మన చరిత్ర చెప్పి, చిన్న పుస్తకము చేయుటకు పదిమంది విద్యార్థులు ఒక వేసవి చాలును. అంతవఱకు ఇంటిలో ఆట ఆడువారు ఒక నియమము పెట్టుకొనవచ్చును: మాట వేసినవాడు దాని అర్థమును తెలుగులో చెప్పవలెను; చెప్పలేనిచో సగము గుణములే. అమ్మమ్మకు తెలిసి మనుమనికి తెలియనిచో, మిగిలిన సగము అమ్మమ్మకు చెల్లును.

ఆ పుస్తకమున అర్థము లెట్లుండవలెనో ఒక మాటతో చూపుదుము. రోహు అను నాలుగు బిళ్లల మాట గలదు. వెల 7 గుణములు. దాని క్రింద "ఒక మంచినీటి చేప" అని విడువక, దీనిని మనవారు శీలావతి యందురని వ్రాయుడు. కొల్లేటి చెఱువులలో బొచ్చెతోపాటు దీనినే హెచ్చుగా పెంచుదురని వ్రాయుడు. ఆ చెఱువుల గట్లు లేచినకొలది నీటికి చోటు తగ్గి, ఉప్పుటేటి దారి మందగించి, గూడబాతులకు నెలవు కఱవైనదని వ్రాయుడు. (గూడ యనగా నీరు తోడెడి బుట్ట, ఆ పక్షి ముక్కు క్రింది సంచిని చూచినవారికి పేరు వివరింపనక్కరలేదు.) 1999లో అయిదడుగుల మట్టమువఱకు అభయారణ్యమని ప్రకటించిరనియు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో కొల్లేరు చేరినదనియు, 2006లో ప్రభుత్వము ఆ మట్టములోని చెఱువుల గట్లను పగులగొట్టించినదనియు, లంక గ్రామములవారి జీవనము సంగతి నేటికిని తగవులోనే యున్నదనియు వ్రాయుడు. ఇన్నియు జెప్పినను ఆఱు పంక్తులకు మించదు.